పెద్దలకు విన్నపం

ఆశ్వయుజం, అమావాస్య పోటు

ఇది మినిట్సు పుస్తకం కాదు. మినిట్సులో "సభ్యులు హర్షం వెలిబుచ్చారు" అని రాస్తాను, ఎవరూ వెలిబుచ్చకపోయినా సరే. ఇక్కడ నా ఇష్టమొచ్చింది రాసుకుంటాను.

పొద్దున్న పెద్దల వరుస తుడుస్తుంటే ఉపాధ్యక్షులు సోమసుందరం గారు వచ్చారు. అధ్యక్షుల వారి ఊపిరితిత్తులు బాగా చెడిపోయాయట, చలికాలం దాటడం కష్టమని డాక్టరమ్మ చెప్పిందట. అయ్యో పాపం అన్నాను. ఆయన గుమ్మం దాటగానే తలుపు వేసుకుని కడుపారా నవ్వుకున్నాను. త్రివిక్రమరావు చస్తున్నాడు. ఇంత చల్లటి మాట ఈ మధ్య నా చెవిన పడలేదు.

గుడ్డ పిండి ఆరేసేలోపే ఆ సంతోషం ఆవిరైపోయింది. చస్తే వాణ్ణి తెచ్చి ఈ వరుసలోనే కూచోబెడతారు. వాడి పెట్టె మీద ఉప్పు కూడా నేనే తుడవాలి.

పంటుల మీద ఇళ్ళు కట్టుకుని సముద్రం మీద తేలే ఊరు కదా, ఏ వస్తువు మీదైనా రాత్రికి రాత్రే ఉప్పు పేరుకుంటుంది. పెద్దల గొంతు పెట్టెల మీద మరీ ఎక్కువ. మా సముద్ర విజ్ఞాన పరిషత్తులో సభ్యుడు పోతే కుర్చీ ఖాళీ కాదు. ప్రతి సభ్యుడూ నడివయసులో ఒక వేసవంతా యంత్రం గదిలో కూచుని తనకు తెలిసిందీ, తను నమ్మిందీ, తన కోపాలూ తాపాలూ అన్నీ చెబుతాడు. దాన్ని గొంతివ్వడం అంటాం. ఒక్కసారే ఇవ్వాలి. ముసలితనంలో మళ్ళీ కూచుని తనను తాను మెరుగులు దిద్దుకునే వీల్లేదు. పోయాక ఆ గొంతు పెట్టెలో పలుకుతుంది, వాదిస్తుంది, ఓటేస్తుంది. సభ ముగిస్తే మాత్రం ఆ రోజు విన్నదంతా చెరిగిపోతుంది. చచ్చినవాళ్ళు కొత్త సంగతులు పోగేసుకుంటూ పోతే బతికున్నవాళ్ళను ఏలుతారని మొదటివాళ్ళు పెట్టిన కట్టు అది. అందుకే ప్రతి సభకూ ముందు కార్యదర్శి లేచి, వాళ్ళు గొంతిచ్చాక లోకంలో ఏం జరిగిందో చదివి వినిపించాలి. దాని పేరు పెద్దలకు విన్నపం. రాసేదీ నేనే, చదివేదీ నేనే. అందులో ఏముండాలో ఇంకొకరు చెప్పకూడదు.

మా వీరభద్రం మాస్టారికి ఆ వరుసలో కుర్చీ లేదు. ఉత్తరపు లంగర్ల కింద ఇసుక జారుతోందని ఆయన కొలిచి చెప్పారు. అడుగు గట్టిదని త్రివిక్రమరావు ఎప్పుడో రాసిన సిద్ధాంతానికి అది గిట్టలేదు. మాస్టారు ఊరుకోక పంటు పంటుకూ వెళ్ళి జనానికి చెప్పారు. పరిషత్తు పరువు తీశాడని త్రివిక్రమరావు ప్రత్యేక సభ పిలిచాడు. మాస్టారు తన కొలతలు చూపించబోతే, ఈ సభ నోటీసులో బహిష్కారం ఒక్కటే ఉంది, ఇసుక లేదు, నోటీసులో లేని మాట ఎత్తకూడదు అని కూచోబెట్టాడు. బహిష్కరించాక పరిషత్తు పడవ ఇవ్వలేదు. మాస్టారు చేపల తెప్ప వేసుకుని కొలవడానికి వెళ్ళారు. తెప్ప ఒక్కటే తిరిగొచ్చింది. ఆ మరుసటి తుఫానులో ఉత్తరపు లంగర్లు జారి ఒక ఇళ్ళ వరుస మొత్తం కొట్టుకుపోయింది, మనుషులతో సహా. గాలి ఎక్కువైందన్నాడు త్రివిక్రమరావు. అని చేతులు దులుపుకున్నాడు.

వాడు పోయేలోపే వాణ్ణి వెలివేయించాలి. వెలివేసినవాడి పెట్టెకు వరుసలో చోటుండదు. మాస్టారి పెట్టె పక్కనే, సీలు వేసి, గోదాంలో పడి ఉంటుంది.

కార్తీకం, సప్తమి ఆటు

ప్రత్యేక సభ పిలవాలంటే పదిమంది సభ్యుల సంతకాలు కావాలి. కార్యదర్శి తనంతట తాను పిలవకూడదు. ఎవరో ఒకరు కోరాలి. అందుకని ఎవరో ఒకరిని వెతుక్కుంటూ తిరుగుతున్నాను. ఒకాయన ముసలాయన జబ్బుతో ఉన్నాడు కదమ్మా అన్నాడు. ఒకావిడ సంతకం పెట్టి, పొద్దున్నే మనిషిని పంపి కొట్టించేసింది. తుఫానులో తమ్ముణ్ణి పోగొట్టుకున్న లెక్కల రంగనాయకి మాత్రం నా చేతిలోంచి కలం లాక్కుని పెట్టింది. అలాంటివాళ్ళే ఒక్కొక్కరూ దొరికారు. పది అయ్యాయి.

మాస్టారి కూతురు అమృతకు చెబితే సంతోషిస్తుందనుకున్నాను. తాళ్ళ పంటు మీద కాళ్ళు చాపుకుని లంగరు తాడు పురి వేస్తోంది. తల ఎత్తలేదు.

"ఆయన్ని తీసేత్తే నాకేంటక్కా? మా నాన్నని ఎక్కిత్తావా, అది చెప్పు. నాకు నాన్న గొంతు వినాలనుంది. అంతే."

ముందు వీణ్ణి దించనీ, తరవాత మీ నాన్నను ఎక్కిస్తాను అన్నాను. రెండూ ఒకే నోటీసులో పెట్టకూడదా అంది. ప్రత్యేక సభకు ఒకటే అంశం ఉండాలి. అయితే మా నాన్నదే పెట్టు అంది. నేను మాట మార్చి, పురి బాగా బిగిసిందన్నాను. నాకు మాస్టారి మీద ప్రేమ లేక కాదు. నా కడుపు మంటకు ముందు నీళ్ళు పడాలి. ఏళ్ళ తరబడి ఆ మనిషి పక్కన కూచుని వాడు చెప్పిందల్లా రాసుకున్నాను.

కార్తీకం, పౌర్ణమి పోటు

ఎవరి మీద తీర్మానం పెడితే వాళ్ళ చేతికి కార్యదర్శి స్వయంగా నోటీసు ఇవ్వాలి. దీనికోసమే పుట్టానన్నట్టు వెళ్ళాను. ఇస్త్రీ చీర కట్టుకుని మరీ వెళ్ళాను.

త్రివిక్రమరావు దిండ్లకు ఆనుకుని కూచున్నాడు. పక్కన చిన్న యంత్రం గాలి కొడుతోంది. నోటీసు మొత్తం చదివి, మడత పెట్టి, దిండు కింద పెట్టుకున్నాడు. మొహంలో ఏమైనా కదులుతుందేమోనని చూశాను. ఏమీ కదల్లేదు.

"పెద్దల ఓట్లు నాకే పడతాయి హైమావతీ. ఆళ్ళంతా నా వేపు మనుషులు," అన్నాడు.

విన్నపంలో ఉన్నది ఉన్నట్టు రాస్తాను, అప్పుడు చూద్దాం అన్నాను. రాసుకో అన్నాడు. నేను నియమం తప్పి ఏమీ చెయ్యలేదు, ఇప్పుడైనా ఆ బహిష్కారం సభ పెడితే అలాగే పెడతాను అన్నాడు. కాసేపు గాలి పీల్చుకుని, తనలో తను మురిసిపోతున్నట్టు మళ్ళీ మొదలుపెట్టాడు.

"నేనూ వీరభద్రం ఒకే వేసవిలో గొంతిచ్చేం, తెలుసా నీకు? అప్పటికి ఒకే కంచంలో తినేవాళ్ళం. రేపు నా పేర ఆ కుర్చీలో కూచునేవాడికి ఈ గొడవేదీ తెలీదు. ఆడికి ఇసకా లేదు, తుఫానూ లేదు. హాయిగా ఉంటాడు."

నేను లేచాను. గుమ్మం దాకా వెళ్ళి ఆగాను. హాయిగా ఉంటాడా?

ఎందుకుంటాడు? ప్రతి సభకూ ముందు విన్నపం చదివేది నేను. వాడికి ఏమీ తెలియదు కాబట్టే ప్రతిసారీ కొత్తగా తెలుస్తుంది. ప్రాణస్నేహితుణ్ణి నువ్వే వెలివేశావు, నీ వల్లే చచ్చాడు, వాడు చెప్పిందే నిజమైంది, ఇంతమంది మునిగిపోయారు. నెలనెలా, మొదటిసారి విన్నట్టు వింటాడు. సభ ముగిస్తే మరిచిపోతాడు. వచ్చే నెల మళ్ళీ వింటాడు. నేనున్నన్నాళ్ళూ, నా తరవాత కూడా.

గోదాంలో మూగగా పడుండటం వాడికి చాలా తక్కువ శిక్ష. వెనక్కి వెళ్ళి, ఆ నోటీసు ఇలా ఇవ్వండి అన్నాను.

మార్గశిరం, తదియ ఆటు

పదిమందినీ ఒప్పించి తీర్మానం వెనక్కి తీయించాను. రంగనాయకి ఒక్కతే నన్ను తినేసేలా చూసింది. ఆమెకు చెవిలో చెప్పాను. ఆమె కాగితం మీద తన సంతకం కొట్టేసింది. చచ్చేవాడి మీద కక్ష ఎందుకని కార్యదర్శి గారు పెద్ద మనసు చేసుకున్నారని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ.

అధ్యక్షుల వారు నిన్న పోయారు. సభ్యులు సంతాపం వెలిబుచ్చారు. పెట్టెకు కొత్త వార్నిషు నేనే వేయించాను.

పుష్యం, మొదటి నెలసభ

చదివాను.

పెద్దల పెట్టెల మీద దీపాలు వెలిగాయి. కొత్త పెట్టె చివర్న ఉంది. ఉత్సాహంగా పలకరించాడు. నడివయసు గొంతు, దగ్గు లేదు, ఆయాసం లేదు. వీరభద్రం ఇంకా బతికే ఉన్నాడా, ఎలా ఉన్నాడని అడిగాడు. అన్నిటికీ విన్నపంలో జవాబుంది, వినండి అన్నాను.

నిదానంగా చదివాను. ఎక్కడా విశేషణం వాడలేదు. జరిగింది జరిగినట్టు, పేర్లతో. తెప్ప దగ్గరికొచ్చాక కాస్త ఆగాను, వాడికి అందాలని. చదవడం అయింది. చివరి పెట్టెలోంచి వాడు ఏదో అన్నాడు, నాకు వినపడలేదు, మళ్ళీ చెప్పండి అన్నాను.

"నేనా?" అన్నాడు.

మీరేనండి అన్నాను. ఆ క్షణం నా ఒళ్ళంతా తేలికైంది. దాచడం దేనికి, నా జన్మలో అంత సంతోషం నేనెరగను. వీరభద్రాన్ని వెంటనే మళ్ళీ సభ్యుణ్ణి చెయ్యాలని వాడే ప్రతిపాదించాడు. చేతులు జోడించే వీలుంటే జోడించేవాడే. ఆ విషయం నోటీసులో లేదండి, ఎత్తకూడదు అన్నాను.

గొంతిచ్చేనాటికి చెయ్యని తప్పుకు ఆ గొంతుకు శిక్షేమిటని సోమసుందరం గారు సభయ్యాక గొణిగారు. ఆ గొంతు మనిషి ఇంకా చెయ్యలేదు కదా అని. చేసేవాడే కదండీ అన్నాను.

వైశాఖం, అష్టమి పోటు

ఒక్కో నెల ఒక్కోలా ఉంటుంది. ఒకసారి అబద్ధమని అరిచాడు. ఒకసారి పేరుపేరునా పోయినవాళ్ళను మళ్ళీ చదవమన్నాడు. ఒకసారి ఏడ్చాడు, పెట్టెకు కన్నీళ్ళు లేవు కానీ ఏడుపు తెలుస్తుంది. చివరికి మాత్రం ప్రతిసారీ ఒక దగ్గరికే వస్తాడు, వీరభద్రాన్ని ఎక్కించమంటాడు. నోటీసులో లేదంటాను.

నెల నెలా నోటీసు రాసేది నేనే. మాస్టారి అంశం ఒక్క వరుస. కలం పట్టుకుంటాను, రాయను. రాస్తే వీడే ప్రతిపాదిస్తాడు, సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంటుంది. ఆ తరవాత ప్రతి విన్నపంలోనూ "త్రివిక్రమరావు గారి ప్రతిపాదన మీద పునరుద్ధరించడమైనది" అని నా నోటితో నేనే చదవాలి. అది విని వాడు కుదుటపడతాడు. వాడికి ఆ దండ నేను వెయ్యను.

అమృత నిన్న కార్యాలయానికొచ్చింది. చేతులకు తాడు కోతలు, కట్టు కట్టుకుని ఉంది. కూచోమన్నా కూచోలేదు. రంగనాయకి అంతా చెప్పేసినట్టుంది.

"ఆ ముసలాయనే ఎక్కించమంటన్నాడంట కదక్కా. నువ్వే వద్దంటన్నావంట."

వచ్చే నెల చూద్దాం అన్నాను.

"నేను గోదాంకెళ్ళి పెట్టి మీద చెయ్యేసుకుని కూచుని వచ్చేను. అందులో ఉన్నాడు మా నాన్న. నువ్వు తాళం పట్టుకుని ఆటాడతన్నావు."

అరవలేదు. అరిస్తే జవాబు చెప్పేదాన్ని. వెళ్ళిపోయాక నాకు ఆమె మీదే కోపం వచ్చింది. మీ నాన్న కోసం కాకపోతే ఇదంతా ఎవరి కోసం అని ఖాళీ గుమ్మాన్ని అడిగాను.

జ్యేష్ఠం, ఏకాదశి ఆటు

అమృత సభ్యురాలు కాదు. సంతకం పెట్టే హక్కు లేదు. పెట్టించగలదు. పంటు పంటుకూ తిరిగింది, అచ్చం వాళ్ళ నాన్నలా. పదిమంది చాలు, సగం పరిషత్తు పెట్టింది. మొదటి సంతకం రంగనాయకిది. కోరితే కార్యదర్శి కాదనకూడదు. నోటీసు జారీ చేశాను, పళ్ళు నూరుకుంటూ.

ప్రత్యేక సభ ఈ రోజు జరిగింది. విన్నపం చదివాను, వాడు ఎప్పటిలాగే కుప్పకూలాడు. ఎప్పటిలాగే ప్రతిపాదించాడు. ఈసారి నోటీసులో ఉంది. ఒక్క ఓటూ వ్యతిరేకం లేదు. ఓటు వేసినప్పుడు నా చెయ్యి కూడా లేచింది. మాస్టారికి వ్యతిరేకంగా ఎలా వేస్తాను?

అమృత సందర్శకుల బల్ల మీద కూచుని కొంగు నోట్లో కుక్కుకుంది. గోదాం తాళంచెవి తీసి ఆమె చేతికే ఇచ్చాను.

ఆషాఢం, నెలసభ

మాస్టారి కుర్చీ త్రివిక్రమరావు పక్కనే వేశారు. గొంతిచ్చిన ఏడాదిని బట్టి వరుస, నేనేం చెయ్యలేను.

దీపం వెలిగింది. నేను గొంతు సవరించుకోగానే మాస్టారు గుర్తుపట్టారు. "ఇది మా హైమ దగ్గే. గొంతు ముదిరిందేంటే?" అన్నారు. ఆయన గొంతిచ్చిన నాటికి నేను ఇంకా పాఠం సరిగ్గా అప్పజెప్పలేని శిష్యురాలిని. కార్యదర్శినయ్యానని చెబితే, అమ్మో అయితే పరిషత్తు బాగుపడ్డట్టే అన్నారు. సభంతా నవ్వింది. పక్క పెట్టె కూడా నవ్వింది. ఒరే త్రివిక్రమం నువ్వూ పోయావా, పీడా పోయింది అని మాస్టారంటే, నీకంటే వెనకే పోయుంటాన్రా అని వాడన్నాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ ఎవరో వంటవాడి గురించి ఏదో పాత సంగతి చెప్పుకున్నారు. వాళ్ళ స్నేహాన్ని ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. మాస్టారు అంత హాయిగా నవ్వడం కూడా ఎప్పుడూ చూడలేదు.

మా అమ్ము ఏదీ, బడికెళ్ళిందా అని అడిగారు మాస్టారు. బల్ల మీదున్న అమృత లేచి నిలబడింది. సందర్శకులు సభలో మాట్లాడకూడదు. ఇక్కడే ఉందండి అని నేను చెప్పాను.

తరవాత విన్నపం చదవాలి. కాగితం చేతిలోనే ఉంది. నేను పదాలు ఏరి ఏరి, ఎక్కడ తగలాలో అక్కడ తగిలేలా రాసుకున్న కాగితం. ఇది ఎవరు వింటారో అప్పటిదాకా ఆలోచించలేదు. అంత పగతో ఉన్నాను మరి. సభ చూస్తోంది. విన్నపం చదవకుండా సభ మొదలవదు.

చదివాను. బహిష్కారం దాకా వచ్చేసరికి పక్క పెట్టెలో గొణుగుడు మొదలైంది. తెప్ప గురించి చదివాను. తుఫాను గురించి చదివాను. పునరుద్ధరణ గురించి చదివాను. అయ్యాక మాస్టారు నన్ను అడగలేదు, పక్కకు అడిగారు.

"ఒరే, నిజవేనంటావా?"

"తెలీదురా. ఆ అమ్మాయి చదివింది కదా, నిజవే అయ్యుంటది."

"నేనేం చేసేన్రా నిన్ను?"

అడిగింది మాస్టారు. ఆ తరవాత ఆయన ఏ అంశానికీ ఓటు వెయ్యలేదు. సభ ముగిసినట్టు సోమసుందరం గారు బల్ల మీద తట్టగానే దీపాలు ఆరిపోయాయి. మాస్టారు అంతా మరిచిపోయారు. మేం మరిచిపోలేదు.

అమృత బయట రెయిలింగు పట్టుకుని నిలబడింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఇదే ప్రతినెలా ఇంటాడా అక్కా?" అంది.

శ్రావణం, నెలసభ

నెలంతా ఆ ఒక్క పేరాతో కుస్తీ పట్టాను. మాస్టారికి వినపడకుండా వాడొక్కడికే వినిపించే మార్గం ఉందేమోనని నియమావళి తిరగేశాను. లేదు. పెద్దలందరికీ ఒకటే విన్నపం. వాడికి నొప్పి తగలాలంటే అది మాస్టారి మీదుగానే వెళ్ళాలి.

ఈ రోజు లేచి చదివాను. ఊరు ఎంత పెరిగిందో, ఏ వరుసలు ఎటు జరిగాయో చదివాను. మీరందరూ కాలం చేశారు అని చదివాను. ఉత్తరపు లంగర్ల కింద ఇసుక జారుతోందని వీరభద్రం గారు కొలిచి చెప్పారనీ, తరవాత తుఫానులో అది నిజమైందనీ చదివాను. ఎవరు నమ్మలేదో చదవలేదు. కాగితం మడిచాను.

"చూసేవా, నేను చెప్పలా," అన్నారు మాస్టారు. గొంతులో గర్వం.

"ఈడు కొలిస్తే తప్పడమేంటండి. మొదట్నించీ నాకు తెలుసు," అన్నాడు త్రివిక్రమరావు సభనుద్దేశించి. మెచ్చుకోలుగా, నిండుగా, ఏ పాపం ఎరగనివాడిలా అన్నాడు. సభ్యులు తలలు దించుకున్నారు. రంగనాయకి లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆమె తమ్ముడు ఆ కొట్టుకుపోయిన ఉత్తరపు వరుసలోనే ఉన్నాడు, ఆ రాత్రి.

ఇంకేమైనా ఉందా అమ్మా విన్నపంలో అని వాడే నన్ను అడిగాడు. మర్యాదగా అడిగాడు.

నాలుక చివర ఉంది. ఒక్క వాక్యం చాలు. పక్క పెట్టె మీద మాస్టారి దీపం వెలుగుతోంది. బల్ల మీద అమృత కళ్ళు మూసుకుని వాళ్ళ నాన్న గొంతు వింటోంది.

"లేదండి," అన్నాను.

వాడి మీద నా కోపం ఆవగింజంత కూడా తగ్గలేదు. ఉపాధ్యక్షుల వారు కానిమ్మన్నట్టు తల ఊపారు. రెండో అంశం చదివాను: పడమటి వరుసకు కొత్త తాళ్ళు.